బండి ఇంటిపేరు వేరు, పుట్టిన ఊరు వేరు

గత సంచికలో, అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కొత్త బండి కొనేటప్పుడు రుణం, బీమా విషయాల్లో చేసే పొరపాట్ల గురించి రాశాను. ఆ తరువాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: అమెరికా బండి కొనాలా, జపాన్ బండి కొనాలా? వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను. ఇరవై ఏళ్లుగా స్నేహితుల కోసం, బంధువుల కోసం బండ్ల కింద దూరి చూస్తున్నవాడిగా నేను నమ్మే మాట ముందే చెబుతాను. బండి ముందు భాగంలో మెరిసే గుర్తు దాని ఇంటిపేరు మాత్రమే. డ్రైవరు తలుపు తెరిచి, ఆ తలుపు వచ్చి మూసుకునే స్తంభం మీద అంటించిన రెండు స్టిక్కర్లను ఓపికగా చదివితే, కొనేవారికి కావలసిన సంగతుల్లో సగం అక్కడే తెలుస్తాయి.

ప్రశ్న: మేము నలుగురం. పెద్ద పికప్ ట్రక్కు కొనాలనుకుంటున్నాము. ఫోర్డ్ ఎఫ్-150, టొయోటా టండ్రా మధ్య తేల్చుకోలేకపోతున్నాను. “ఈ దేశంలో బతుకుతూ పరాయి దేశం ట్రక్కు కొంటావా” అని ఆఫీసులో తోటివారు అంటున్నారు. ఏది కొనమంటారు? (ఫ్రిస్కో, టెక్సాస్)

జవాబు: మీ తోటివారి మాటతోనే మొదలుపెడతాను. వారు పరాయిదంటున్న టండ్రా మీ రాష్ట్రంలోనే, శాన్ ఆంటోనియోలో తయారవుతుంది. టొయోటా ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం 2017 నుంచి మీ పక్క ఊరు ప్లేనోలోనే ఉంది. ఎఫ్-150 మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లోనూ మిస్సోరీలోని కాన్సాస్ సిటీ దగ్గరా తయారవుతుంది కాబట్టి దాని విషయంలో వారి మాట నిజమే. అయితే అదే ఫోర్డ్ అమ్మే చిన్న పికప్ మావరిక్ మెక్సికోలోని ఎర్మోసియోలో తయారై వస్తుంది, షెవర్లే సిల్వరాడోలలో కొన్ని మెక్సికోలోని సిలావ్‌లో తయారవుతాయి, పక్కా అమెరికా ట్రక్కుగా అందరూ భావించే రామ్ యజమాని 2021 నుంచి నెదర్లాండ్స్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న స్టెలాంటిస్. జపాన్ పేరున్న టొయోటా టకోమా కూడా ఇప్పుడు మెక్సికో నుంచే వస్తోంది. ఏ బండి ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడానికి తలుపు స్తంభం మీది ఒక స్టిక్కరులో ఉండే 17 అక్షరాల విన్ నంబరులో (బండి గుర్తింపు సంఖ్యలో) మొదటి గుర్తు చూస్తే చాలు. 1, 4, 5 అయితే అమెరికా (ఈమధ్య కొన్నిటికి 7 కూడా వస్తోంది), 2 అయితే కెనడా, 3 అయితే మెక్సికో, ఆంగ్ల అక్షరం జె అయితే జపాన్. మీ తోటివారు కార్మిక సంఘం ఉన్న ఫ్యాక్టరీ బండి కొనమనే అర్థంలో ఆ మాట అని ఉంటే అది వేరే వాదన, గౌరవించదగిన వాదన. డియర్‌బోర్న్ కార్మికులు యూఏడబ్ల్యూ సంఘంలో ఉన్నారు, శాన్ ఆంటోనియో కార్మికులు లేరు.

ఇక అసలు సంగతి. పికప్ కొనేవారు లాగే శక్తి ఎంతో అడుగుతారు, మోసే శక్తి ఎంతో అడగరు. ప్రకటనల్లో టండ్రా 12,000 పౌండ్ల దాకా లాగుతుందని, ఎఫ్-150 సరైన ఇంజను, సరైన ప్యాకేజీ ఉంటే 13,000 దాటి లాగుతుందని రాస్తారు. ఆ అంకెలు అబద్ధం కావు గానీ, మీరు కొనే ఆ ఒక్క బండి మోసే శక్తి ఎంతో చెప్పే అంకె తలుపు స్తంభం మీద రెండో స్టిక్కరులో, పసుపు, తెలుపు రంగుల దానిలో ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంత బరువు మించకూడదని అందులో అచ్చు వేసి ఉంటుంది. పైకప్పు అద్దం, చల్లగాలి వీచే సీట్లు, పెద్ద చక్రాలు చేరిన కొద్దీ బండి సొంత బరువు పెరిగి ఈ అంకె తగ్గుతుంది. అందుకే ఒకే పేరున్న రెండు ట్రక్కులలో ఖరీదైనది తక్కువ మోయడం తరచుగా కనిపిస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక మిత్రుడి కుటుంబంతో గాల్వెస్టన్ తీరానికి వెళ్లాను. ఆయన కొత్త ట్రక్కు వెనుక అద్దెకు తెచ్చిన 5,000 పౌండ్ల క్యాంపర్ ట్రైలర్ తగిలించారు. తలుపు తెరిచి చూస్తే స్టిక్కరు మీద 1,420 పౌండ్లు అని ఉంది. అక్కడే నిలబడి లెక్క వేశాము. నలుగురు పెద్దలం, ఒక పిల్ల కలిసి 720, ట్రక్కు వెనుక సామాను తొట్టిలో వేసిన ఐసు పెట్టెలు, గుడారం, వంట సామాను 180. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడుతుంది కాబట్టి మధ్యస్థంగా 12 శాతం వేసుకుంటే మరో 600. మొత్తం 1,500. లాగే శక్తిలో సగం కూడా వాడకుండానే మోసే పరిమితి దాటిపోయాము. బండి వెనుక భాగం కిందికి కుంగి, ముందు దీపాలు ఆకాశం వైపు చూస్తున్నాయి. సామానులో సగం మరో కారులోకి మార్చి, ఇద్దరం అందులో ఎక్కాక గాని బయలుదేరలేదు.

కాబట్టి మీరు ఏటా ఎన్నిసార్లు ట్రైలర్ లాగుతారో రాసుకుని, షోరూములో మీకు నచ్చిన ఆ బండి తలుపు తెరిచి ఆ అంకె చూడండి. టండ్రాకు ఇప్పుడు ఉన్న ఇంజను ట్విన్ టర్బో వి6 (ఆరు సిలిండర్లది) ఒక్కటే, కావాలంటే దానికి హైబ్రిడ్ తోడు. ఎఫ్-150లో వి8తో సహా నాలుగైదు రకాలు దొరుకుతాయి కాబట్టి మీ అవసరానికి సరిపడేది ఎంచుకునే వీలు ఎక్కువ. దాని హైబ్రిడ్‌లో బండి నుంచి ఇంటి పరికరాలకు 7.2 కిలోవాట్ల దాకా కరెంటు తీసుకునే ఏర్పాటు ఉంది. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకు రోజుల తరబడి చీకట్లో ఉన్న టెక్సాస్ వారికి దాని విలువ నేను చెప్పనక్కరలేదు. మీరు అడిగినదానికి ఒక్క మాటలో చెప్పాలంటే, ట్రైలర్ తరచుగా లాగేవారికి నేను ఎఫ్-150 చెబుతాను. కొని పన్నెండేళ్లు ఉంచుకుని, అమ్మేటప్పుడు మంచి ధర రావాలనుకునేవారికి టండ్రా. సంతకం పెట్టే ముందు టేపుతో గ్యారేజీ పొడవు కొలవండి. నాలుగు తలుపుల ఎఫ్-150 దాదాపు 232 అంగుళాలు, టండ్రా దాదాపు 234 అంగుళాలు. మామూలు ఇళ్ల గ్యారేజీలో తలుపు దించాక మనిషి నడిచే చోటు కూడా మిగలదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, మా మార్కెట్ యార్డుకు మిర్చి బస్తాలు తెచ్చే ట్రాలీ బండి లాంటిది కొన్నాడు. ఉద్యోగస్థులకు అలాంటి బండి ఎందుకు? కార్లలో అంత పేరున్న జపాన్ కంపెనీలు అక్కడ ట్రక్కుల్లో ఎందుకు వెనుకబడ్డాయని అడిగితే వాడు చెప్పలేకపోయాడు. (ఖమ్మం)

జవాబు: అయ్యా, మీ రెండో ప్రశ్నకు జవాబు కోడి మాంసం దగ్గర మొదలవుతుంది. 1960ల మొదట్లో అమెరికా నుంచి చవకగా వచ్చి పడుతున్న కోడి మాంసం తమ రైతులను దెబ్బతీస్తోందని పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ వంటి ఐరోపా దేశాలు దానిపై సుంకం పెంచాయి. మంతనాలు ఫలించకపోవడంతో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1963 డిసెంబరులో బదులు సుంకానికి ఉత్తర్వు జారీ చేశారు. అది 1964 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీలతో పాటు దిగుమతి అయ్యే తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం సుంకం పడింది. అప్పట్లో గురి జర్మనీ వారి వోక్స్‌వ్యాగన్ వ్యాను. మిగిలిన సరుకుల మీద ఆ సుంకం కాలక్రమంలో పోయింది గానీ ట్రక్కు మీద మాత్రం నిలిచిపోయింది. అదే కాలంలో కారు మీద మామూలు దిగుమతి సుంకం 2.5 శాతానికి దిగింది. ఒకే కంపెనీ, ఒకే ఓడలో పంపే కారుకూ ట్రక్కుకూ మధ్య చాలా కాలం పది రెట్ల తేడా ఉండేదన్నమాట.

దెబ్బ అసలు గురికి తగిలింది, ఆ తరువాత వచ్చిన జపాన్‌కూ తగిలింది. జపాన్ కంపెనీలు కొంతకాలం ఒక దారి వెతుక్కున్నాయి. ముందు క్యాబిన్, ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) మాత్రమే ఓడలో పంపి, వెనుక ట్రాలీని అమెరికాలో బిగిస్తే సుంకం 4 శాతమే పడేది. విశేషమేమిటంటే 1970లలో ఆ దారిలో వచ్చిన బండ్లలో అమెరికా పేర్లు కూడా ఉన్నాయి: ఫోర్డ్ కొరియర్‌ను జపాన్‌లో మాజ్డా, షెవర్లే లవ్‌ను ఇసుజు తయారు చేసి ఇచ్చేవి. 1980లో ఆ దారి మూసేశారు. సుబారు కంపెనీ తన చిన్న పికప్ బ్రాట్ వెనుక ట్రాలీలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు బిగించి, ఇది మనుషులు కూర్చునే కారు అని చూపించి సుంకం తప్పించుకుంది. ఎండకు, వానకు వెనక్కి తిరిగి కూర్చునే ఆ కుర్చీలు ఉన్నది ప్రయాణికుల కోసం కాదు, సుంకం అధికారి కోసం.

కార్ల కథ మరో విధంగా నడిచింది. 1973లోనూ 1979లోనూ పెట్రోలు సంక్షోభం వచ్చినప్పుడు చిన్న ఇంజన్ల జపాన్ కార్లకు గిరాకీ పెరిగింది. అమెరికా ఒత్తిడితో 1981 నుంచి ఏడాదికి 16.8 లక్షల కార్లకు మించి పంపబోమని జపాన్ ఒప్పుకోవలసి వచ్చింది. లెక్క పరిమితమైనప్పుడు ఒక్కో కారు మీద ఎక్కువ సంపాదించాలి కాబట్టి వారు ఖరీదైన కార్ల వైపు తిరిగారు. 1986లో హోండా వారి ఆక్యురా, 1989లో టొయోటా వారి లెక్సస్, నిస్సాన్ వారి ఇన్ఫినిటీ వచ్చాయి. మరోవైపు ఫ్యాక్టరీలనే అమెరికాకు తెచ్చారు. 1982లో ఒహాయోలోని మేరీస్‌విల్‌లో హోండా అకార్డ్ తయారీ మొదలుపెట్టింది. 1983లో టెనెసీలోని స్మర్నాలో నిస్సాన్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన మొదటి బండి పికప్ కావడం యాదృచ్ఛికం కాదు, ఆ 25 శాతం తప్పించుకోవడానికి అదే మార్గం. అయినా నిజమైన పెద్ద ట్రక్కుతో టొయోటా బరిలో దిగడానికి 1999 దాకా పట్టింది. ఆ యాభై ఏళ్లలో 1948లో పుట్టిన ఎఫ్-సిరీస్ మూడు తరాల రైతుల, వడ్రంగుల ఇళ్లలో పాతుకుపోయింది. 1977 నుంచి ట్రక్కులలో, 1981 నుంచి అన్ని వాహనాలలో అమెరికాలో ఎక్కువ అమ్ముడయ్యేది అదే. పోటీ తక్కువైన చోట లాభం ఎక్కువ కాబట్టి డెట్రాయిట్ కంపెనీలు తమ శక్తినంతా ట్రక్కుల మీదే పెట్టాయి. 2018లో ఫోర్డ్ మస్టాంగ్ తప్ప మామూలు కార్లను అక్కడ దాదాపుగా మానుకుంటానని ప్రకటించింది, 2024లో షెవర్లే మాలిబు తయారీ ఆగిపోయింది. అరవై ఏళ్ల కిందటి ఒక సుంకం ఒక దేశం కంపెనీలకు ట్రక్కులు, మరో దేశం కంపెనీలకు కార్లు పంచి పెట్టిందని నా అభిప్రాయం.

ఇక మీ అబ్బాయి సంగతి. అక్కడ పెట్రోలు చవక, రోడ్లు వెడల్పు, ఇంటి మరమ్మతులు సొంతంగా చేసుకోవడం అలవాటు. చెక్కలు, మట్టి, ఫర్నిచరు తెచ్చుకోవడానికి ట్రాలీ పనికి వస్తుంది. వాటికి మించి, నాలుగు తలుపుల పికప్ అక్కడ కుటుంబం బండిగా మారిపోయింది. మీ యార్డుకు వచ్చే బొలేరో పికప్ రకాన్ని బట్టి 1,300 నుంచి 1,700 కిలోల దాకా మోస్తుంది. పైన నేను చెప్పిన మిత్రుడి ట్రక్కు దానికి ఎన్నో రెట్లు ఖరీదైనది, మనుషులతో కలిపి దాదాపు 640 కిలోలే మోస్తుంది. అది బస్తాల కోసం చేసిన బండి కాదు. నెలవాయిదా జీతంలో ఎంత పోతోందో మాత్రం అబ్బాయిని అడగండి, అది తండ్రి అడగదగిన ప్రశ్నే.

ప్రశ్న: జపాన్ ఇంజను చెడిపోదు అని మా నాన్నగారి కాలం నుంచి వింటున్నాము. ఇప్పటికీ నిజమేనా? (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: మీరు ఉంటున్న ఊరే ఈ ప్రశ్నకు మంచి జవాబు. ఇప్పుడు టెస్లా కార్లు తయారవుతున్న ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు షెవర్లే యజమాని అయిన జనరల్ మోటార్స్‌ది. కార్మికులు పని ఎగ్గొట్టడం, తగాదాలు, నాసిరకం తయారీతో పేరు చెడి 1982లో మూతపడింది. 1984లో టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి నమ్మీ అనే పేరుతో దాన్ని మళ్లీ తెరిచాయి. పనిలోకి తీసుకున్నవారిలో చాలామంది పాత కార్మికులే, సంఘం కూడా పాతదే. మార్చింది పని పద్ధతిని. కొందరిని జపాన్ తీసుకువెళ్లి శిక్షణ ఇచ్చారు. లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా తల మీద వేలాడే తాడు లాగి లైను ఆపవచ్చని చెప్పారు. అంతకు ముందు లైను ఆగకూడదన్నదే నియమం. లోపం ఉన్న కారు అలాగే ముందుకు పోయి చివర్లో మరమ్మతుకు చేరేది. అవే చేతులు, అదే ఊరు, కానీ కొద్ది కాలంలోనే నాణ్యతలో జపాన్ ఫ్యాక్టరీలకు దీటుగా నిలిచింది. ఈ కథ నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమూ సంతోషమూ కలిగిస్తుంది. ఆ ఫ్యాక్టరీలోనే టొయోటా కరోలా, జనరల్ మోటార్స్ అమ్మిన జియో ప్రిజ్మ్ అనే రెండు కార్లు తయారయ్యేవి. లోపల దాదాపు ఒకే కారు, ముందున్న గుర్తు వేరు. అయినా సెకండ్ హ్యాండ్ సంతలో కరోలాకే ఎక్కువ ధర పలికేది.

కాబట్టి మన్నిక దేశం రక్తంలో ఉండదు, తయారీ పద్ధతిలో ఉంటుంది, పద్ధతి ఎవరి దగ్గరైనా జారిపోవచ్చు. తయారీలో మిగిలిపోయిన లోహపు రజను ఇంజనులో ఉండిపోయిందని 2024లో టొయోటా 2022, 2023 టండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్ బండ్లను దాదాపు లక్ష వెనక్కి పిలిచింది. 2025లో జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల వి8 ఇంజన్లలో క్రాంక్ షాఫ్టు, కనెక్టింగ్ రాడ్ లోపాలకు అమెరికాలో దాదాపు 6 లక్షల బండ్లను పిలిచి, బాగున్నట్టు తేలినవాటికి కూడా ఇంకా చిక్కటి ఇంజన్ ఆయిల్ వాడమని చెప్పింది. రెండు పేర్లూ పెద్దవే. దేశాన్ని కాక ఇంజను రకాన్ని చూడండి. టర్బో లేకుండా, కనీసం నాలుగైదేళ్లుగా మార్పులు లేకుండా వస్తున్న ఇంజను ఏ దేశానిదైనా నాకు ధైర్యం. కొత్త డిజైను వచ్చిన మొదటి ఏడాది బండిని మా ఇంట్లో ఎవరినీ కొననివ్వను.

ప్రశ్న: ఫోర్డ్, షెవర్లే మన దేశం వదిలి వెళ్లాయి, జపాన్ కంపెనీలు మాత్రం నిలబడ్డాయి. కారణం ఏమిటి? (విజయవాడ)

జవాబు: మనకు కావలసినది చిన్న కారు, ఊరూరా సర్వీసు షెడ్డు, చవకగా దొరికే విడిభాగాలు. 1983లో మారుతితో వచ్చిన సుజుకి ఆ మూడింటినీ కట్టుకుంటూ పోయింది. జనరల్ మోటార్స్ 2017 చివర్లో ఇక్కడ అమ్మకాలు ఆపింది, ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీకి స్వస్తి చెబుతున్నట్టు 2021లో ప్రకటించింది. అదే సుజుకి అమెరికాలో నిలబడలేక 2012లో అక్కడ కార్ల అమ్మకం మానుకుంది. ఒకప్పుడు షెవర్లే పేరుతో అమెరికాకు పికప్‌లు చేసి ఇచ్చిన ఇసుజు కూడా 2009లో అక్కడ కార్లు, పికప్‌ల అమ్మకం ముగించింది. 2016 నుంచి మన శ్రీసిటీలో ఆ కంపెనీ పికప్‌లు తయారవుతున్నాయి. మీకు నిజమైన జపాన్ పికప్ కావాలంటే తిరుపతి జిల్లాలో పుట్టిన డి-మ్యాక్స్ వి-క్రాస్ చూడవచ్చు.

ప్రశ్న: ఎంఎస్ చదువుతున్నాను. 9,000 డాలర్లలో సెకండ్ హ్యాండ్ కారు కావాలి. అందరూ కరోలా, సివిక్ తప్ప వేరే చూడవద్దంటున్నారు, కానీ ఆ ధరకు వచ్చేవన్నీ లక్షన్నర మైళ్లు తిరిగినవే. (కొలంబస్, ఒహాయో)

జవాబు: బాబూ, అందరూ ఒకే కారు అడుగుతున్నారు కాబట్టే దాని ధర అలా ఉంది. అదే డబ్బుకు ఒకే యజమాని చేతిలో ఉండి, ఆయిల్ మార్చిన రసీదులన్నీ దాచిన, డెబ్బై ఎనభై వేల మైళ్లే తిరిగిన ఫోర్డ్ ఫ్యూజన్ గాని, షెవర్లే మాలిబు గాని దొరికితే, చరిత్ర తెలియని లక్షన్నర మైళ్ల సివిక్ కంటే అదే నీకు మంచిది. చదువు పూర్తయ్యే రెండేళ్లకు నీకు కావలసినది పేరు కాదు, పొద్దున్నే స్టార్ట్ అయ్యే బండి.

ఏది చూసినా రెండు పనులు తప్పకుండా చెయ్యి. మొదటిది, విన్ నంబరును అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో పెట్టి, కంపెనీ వెనక్కి పిలిచి చేయవలసిన మరమ్మతు (రీకాల్) మిగిలి ఉందేమో చూడు. జపాన్‌కు చెందిన టకాటా కంపెనీ ఎయిర్ బ్యాగులలో గ్యాసు నింపే పరికరం పాతబడి పగిలి, లోహపు ముక్కలు మనుషుల మీదికి ఎగిరేవి. అమెరికాలో అలాంటివి 6.7 కోట్లు మార్చవలసి వచ్చింది. చాలా దేశాల కంపెనీలు వాటిని వాడాయి గానీ 2001 నుంచి 2003 మధ్య వచ్చిన కొన్ని హోండా, ఆక్యురా కార్లలో ముప్పు చాలా ఎక్కువ. మార్చారన్న రుజువు లేకపోతే వాటిని నడిపి చూడడానికి కూడా ఎక్కకు. మరమ్మతు డీలరు దగ్గర ఉచితం.

రెండోది తుప్పు. మీ రాష్ట్రంలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఛాసిస్ తుప్పు విషయంలో టొయోటా అంతటి కంపెనీ 2005 నుంచి 2010 మధ్య వచ్చిన టకోమాలతో సహా దాదాపు 15 లక్షల బండ్లకు కోర్టులో రాజీ చేసుకోవలసి వచ్చింది. పై రంగు అద్దంలా మెరుస్తున్నా నమ్మవద్దు. వంద, నూటయాభై డాలర్లు ఇచ్చి నీకు తెలిసిన మెకానిక్ దగ్గర బండిని లిఫ్టు మీద ఎత్తించి, వెనుక చక్రాల దగ్గర, బ్రేకు గొట్టాలు బిగించిన చోట, తలుపుల కింది అంచున టార్చి వేసి చూడు. అమ్మేవారి అనుమతితో స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టు. గట్టి ఇనుము టంగుమని పలుకుతుంది. లోపల తిన్న ఇనుము మొద్దుగా పలికి, పొట్టు రాలుస్తుంది. పొట్టు రాలిందంటే అది కరోలా అయినా మాలిబు అయినా, ధర ఎంత తగ్గించినా, అక్కడి నుంచి వచ్చెయ్యి.